ముందెళ్ళిన సంచి

ఏ ప్రయాణమైనా పంచాంగం చూడనిదే మా అత్తగారు ఎవరినీ గడప దాటనిచ్చేవారు కాదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో అది చూసి లోపల్లోపల నవ్వుకునేదాన్ని. ఏడాది తిరిగేసరికి ఒళ్ళు మండడం మొదలైంది. మా ఇల్లు కొవ్వూరులో. బ్రిడ్జి దాటితే రాజమండ్రి. అవతలికి వెళ్ళి అరకేజీ కాఫీపొడి కొనుక్కురావాలన్నా ఆవిడ కళ్ళజోడు వెతుక్కుని వర్జ్యం ఎప్పుడు, దుర్ముహూర్తం ఎప్పుడు అని వేలు పెట్టి చూసేవారు. "కాఫీపొడికి కూడా ముహూర్తం ఏంటండీ అత్తయ్యగారూ?" అని ఒకసారి అనేశాను. "కాఫీపొడికి కాదమ్మాయ్, నువ్వు తిరిగి రావాలి కదా," అన్నారు తాపీగా. ఆ తాపీతనానికి నాకు ఇంకా మండింది.

అలాంటి తల్లి కొడుకు గాలిలో తిరిగే ఉద్యోగంలో చేరాడు. మావారు ఒక సర్వే కంపెనీలో టెక్నీషియన్. వాళ్ళది చిన్న విమానం. పైలట్ కాక ఇంకొక్క మనిషి ఉంటే చాలు. అడుగున పెద్ద కెమెరా బిగించి ఉంటుంది, కొండల మీదుగా వరసలు వరసలుగా ఎగురుతూ ఫొటోలు తీస్తారు. తొంభైల చివరి రోజులవి, సెల్‌ఫోన్లు ఇంకా మా ఊళ్ళోకి రాలేదు. ఆ శీతాకాలమంతా విమానాన్ని రాజమండ్రి దగ్గర మధురపూడిలో ఉంచుకుని పాపికొండల మీద, ఆ వెనక ఏజెన్సీ కొండల మీద పని చేశారు. సొంత ఊరి పక్కనే పని పడిందని నేను సంబరపడ్డాను. మా అత్తగారు మాత్రం ఆకాశంలో ఏ చప్పుడు వినిపించినా చేతిలో పని ఆపేసి దణ్ణం పెట్టేవారు.

ఈ పనికి టెక్నీషియన్లు ఇద్దరు ఉండేవారు. మావారు ఒకరు, ఆయన స్నేహితుడు ఒకరు. ఒకరు విమానంలో వెళ్తే ఇంకొకరు అంతకుముందు తీసిన ఫిల్ములు పట్టుకుని రైల్లో హైదరాబాద్ వెళ్ళి ఆఫీసులో ఇచ్చి వచ్చేవారు. తర్వాత వంతు మారేది. ఆ స్నేహితుడికి పెళ్ళై ఏడాది దాటిందో లేదో. రాజమండ్రిలో ఒక వాటాలో అద్దెకు ఉండేవారు. భార్యది రావులపాలెం పక్క పల్లెటూరు. ఎప్పుడు మా ఇంటికి వచ్చినా అరటిపళ్ళు తేకుండా వచ్చేది కాదు. మావారిని అన్నయ్యగారూ అనేది, నన్ను వదినగారూ అనేది, మా అత్తగారిని పిన్నిగారూ అని వెనకే తిరిగేది. "నీకు సొంత అన్నలు లేరా తల్లీ?" అని నేను ఆటపట్టిస్తే, "ఉన్నారండీ, కానీ వాళ్ళింట్లో ఇంత మంచి పులుసు ఉండదు," అనేది.

ఆ ఆదివారం ఇద్దరూ మా ఇంటికి భోజనానికి వచ్చారు. మర్నాడు విమానంలో వంతు మావారిది. కొండల మీద పని చూసుకుని అటే విశాఖపట్నంలో దిగి, నాలుగైదు రోజులు అక్కడే ఉండాలి. స్నేహితుడు పొద్దున్న రైలుకి హైదరాబాద్ వెళ్ళాలి. భోజనాలయ్యాక మా అత్తగారు పంచాంగం తీశారు. సోమవారం తూర్పుకి వారశూల. పైగా తెల్లవారుజామున వర్జ్యం. ఆవిడ ముఖం మాడిపోయింది. ప్రయాణం ఆపమంటే ఆగేది కాదని ఆవిడకీ తెలుసు. "అయితే పరస్థానం పెట్టేద్దాం," అన్నారు.

మనిషి మంచి ఘడియలో బయల్దేరలేకపోతే ఆ మనిషి సంచి బయల్దేరుతుంది. మంచి సమయం చూసి సంచిని తీసుకెళ్ళి ఎవరింట్లోనో పెడితే ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. తర్వాత మనిషి ఎప్పుడు వెళ్ళినా దోషం ఉండదు. మామూలుగా అయితే పక్కింట్లో పెడతారు. ఈసారి ఏకంగా గోదావరి దాటించేయొచ్చని ఆవిడ ముచ్చటపడ్డారు. సాయంత్రం మంచి ఘడియ ఉంది, స్నేహితుడు ఎలాగూ ఇంటికి వెళ్తాడు. సంచి పట్టుకెళ్ళి వాళ్ళింట్లో పెడితే, పొద్దున్నే మావారు బస్సులో వెళ్ళి దాన్ని తీసుకుని ఎయిర్‌పోర్టుకి వెళ్ళిపోతారు.

"పిన్నిగారూ, విమానానికి కూడా పెడదామా పరస్థానం? ఒక రెక్క విప్పి మా వరండాలో పెట్టుకుంటాను," అన్నాడు ఆ అబ్బాయి.

"నవ్వు నాయనా, నవ్వు. ముందు సంచి పట్టుకో," అన్నారు ఆవిడ.

నీలం రంగు గుడ్డ సంచి అది. పోతే దొరకాలని లోపలి అంచున గుడ్డముక్క మీద పేరు, ఊరు, వీధి రాసి నేనే కుట్టాను. బట్టల మధ్య సున్నుండల డబ్బా పెట్టి, "అందులో రెండు నీవి, దార్లోనే తినెయ్యకు," అని మా అత్తగారు ఆ అబ్బాయికి చెప్పారు. అతను సంచిని స్కూటర్ మీద కాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. భార్య వెనక కూర్చుంది. వీధి మలుపు తిరిగేదాకా మా అత్తగారు గేటు దగ్గరే నిలబడ్డారు. కొడుకు క్షేమంగా బయల్దేరిపోయాడన్నంత నిశ్చింతగా లోపలికి వచ్చారు. ఆ కొడుకేమో హాల్లో పడుకుని గుర్రు పెడుతున్నాడు.

తెల్లారి చూస్తే మంచు. ఆ కాలంలో గోదావరి గట్టున మంచు కొత్త కాదు కానీ, ఆ రోజు మా గుమ్మంలో నిలబడితే ఎదురింటి గేటు కనిపించలేదు. "ఈ మంచులో ఎగురుతారా?" అని అడిగాను. "ఎండెక్కేదాకా ఎగరరు. వెళ్ళి టీ తాగుతూ కూర్చుంటాం," అన్నారు మావారు మఫ్లర్ చుట్టుకుంటూ. నాలుగడుగులు వేసేసరికి మనిషి మాయమైపోయారు. చెప్పుల చప్పుడు మాత్రం కాసేపు వినిపించింది.

సాయంత్రం నేను బియ్యంలో రాళ్ళు ఏరుతూ టీవీ ముందు కూర్చున్నాను. ప్రాంతీయ వార్తలు వస్తున్నాయి. ఏజెన్సీ కొండల్లో ఒక చిన్న సర్వే విమానం కూలిపోయినట్టు అనుమానిస్తున్నారని, దట్టమైన మంచు వల్ల కొండ కనబడక గుద్దుకుని ఉండొచ్చని, పెద్ద చప్పుడు విన్నామని గూడేల వాళ్ళు చెప్పారని చదివారు. అందులో ఇద్దరు ఉన్నారట. తర్వాత వరి ధర గురించి ఏదో చెప్పడం మొదలుపెట్టారు. నేను రాళ్ళు ఏరుతూనే ఉన్నాను. చేటలో ఒక్క రాయి మిగల్లేదు, అయినా ఏరుతూనే ఉన్నాను. మా అత్తగారు వచ్చి చేట నా చేతిలోంచి లాక్కున్నారు.

అంతలో ఎదురింట్లో ఫోన్ మోగింది.

మా వీధిలో ఫోన్ ఉన్నది వాళ్ళకే. మాకు ఏ కబురైనా ఆ నంబరుకే వచ్చేది. వాళ్ళేమో అంతకు రెండు రోజుల ముందే ఇల్లు తాళం పెట్టుకుని పట్టిసీమలో ఎవరిదో పెళ్ళికి వెళ్ళారు. తాళం వేసిన తలుపుల వెనక ఆ ఫోన్ మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. పక్కింటి మాస్టారు వచ్చి, "తాళం పగలగొట్టేద్దామా అమ్మా? మీకే అయ్యుంటుంది," అన్నారు. "వద్దండి," అన్నాను నేను. ఎందుకన్నానో నాకు బాగా తెలుసు. ఆ ఫోన్ ఎత్తనంతసేపూ నాకు ఎవరూ ఏమీ చెప్పనట్టే. ఎత్తితే చెప్పేస్తారు. నాకు భయం వేసింది, అంతే. ఆ మోత ఆగాక వీధంతా నిశ్శబ్దమైపోయింది. అప్పుడు మాత్రం ఇంకొక్కసారి మోగితే బాగుండుననిపించింది.

దీపాలు పెట్టే వేళకి స్నేహితుడి భార్య పరుగున వచ్చింది. రాజమండ్రిలో వార్త వినగానే బస్సెక్కేసిందట. వస్తూనే నన్ను గట్టిగా పట్టుకుంది. మా అత్తగారు ఆ పిల్లని కూర్చోబెట్టి నిలదీసినట్టు అడిగారు.

"మా వాడు మీ ఇంటికొచ్చి సంచి తీసుకున్నాడా?"

"లేదండి పిన్నిగారూ. అన్నయ్యగారు ఎంతకీ రాలేదు. ఇంకా చూస్తే ఇద్దరికీ ఆలస్యం అవుతుందని మా ఆయనే స్కూటర్ మీద సంచి పట్టుకుని ఎయిర్‌పోర్టుకి వెళ్ళారు. అక్కడ అన్నయ్యగారికి ఇచ్చేసి, అట్నించి అటే స్టేషన్‌కి వెళ్ళి స్కూటర్ స్టాండులో పెట్టి రైలెక్కుతానన్నారు."

"అంటే మా వాడు విమానం ఎక్కడం నువ్వు చూడలేదు."

"నేనెలా చూస్తానండి?" అంది ఆ పిల్ల ఏడుస్తూ.

"అదే కదా నేను చెప్పేది," అన్నారు మా అత్తగారు. ఆ మాట పట్టుకుని ఆవిడ నిలబడిపోయారు. సంచి వెళ్ళింది, మనిషి వెళ్ళినట్టు ఎవరు చూశారు అన్నది ఆవిడ పట్టు. నాకు ఆవిడ మీద కోపం వచ్చింది. ఆశ పెట్టొద్దని అరవాలనిపించింది. నాకు మాత్రం అంతా స్పష్టంగా కనిపించింది. ఇద్దరు స్నేహితులు ఎయిర్‌పోర్టులో కలుసుకున్నారు, సంచి చేతులు మారింది, ఒకరు రైలుకి వెళ్ళారు, మావారు కొండ మీదికి వెళ్ళారు.

మర్నాడు పొద్దున కానిస్టేబుల్ ఒకాయన సైకిల్ మీద మా వీధి పేరు అడుక్కుంటూ వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఏజెన్సీ స్టేషన్ నుంచి వైర్‌లెస్‌లో కబురొచ్చిందట. విమానం దొరికింది, మొత్తం కాలిపోయింది. ఇద్దరూ పోయారు, గుర్తుపట్టేలా లేరు. కొంచెం దూరంలో చెట్టుకొమ్మకి చిక్కుకుని ఒక సంచి దొరికింది. నీలం రంగుది. లోపల గుడ్డ మీద మా అడ్రసు ఉంది. హైదరాబాద్‌లో కంపెనీ వాళ్ళని అడిగితే, ఆ రోజు డ్యూటీ కూడా మీ ఆయనదే అన్నారట.

"సంచి నిన్ననే... మొన్న సాయంత్రమే పంపించేశాం నాయనా," అన్నారు మా అత్తగారు. "పరస్థానం పెట్టాం. సంచి ఒక్కటే వెళ్ళి ఉండొచ్చుగా."

"మా ఇంట్లో కూడా పెడతారండి," అన్నాడు అతను నేల చూస్తూ. "కానీ సంచి విమానంలో ఉందంటే... మనిషి లేకుండా సంచి ఎందుకెక్కిస్తారమ్మా?"

మాస్టారూ ఇంకో ఇద్దరూ బయల్దేరి రాజమండ్రి ఆసుపత్రికి వెళ్ళారు, శవాలు అక్కడికే తెస్తారని. ఎయిర్‌పోర్టుకి వెళ్ళి అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. సంచి దొరికాక ఇంక అడగడానికి ఏముందనుకున్నారు.

నాకు ఏడుపు రాలేదు. ఆ గుడ్డముక్క కుట్టినప్పుడు దారం రంగు కలవలేదని చిరాకుపడి విప్పి మళ్ళీ కుట్టాను. అదే గుర్తొస్తోంది. ఎవరో ఆ కుట్టు మీద వేలు పెట్టి మా వీధి పేరు చదివారు. ఇంతకంటే పెద్ద సంగతులు ఎన్నో ఉండగా నా బుర్ర ఆ దారం దగ్గరే తిరుగుతోంది.

మధ్యాహ్నానికి వీధిలో వాళ్ళు క్యారేజీలు తెచ్చారు. మనిషి పోయిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి చుట్టుపక్కల వాళ్ళే అన్నం తెస్తారు. మా అత్తగారు గుమ్మంలో అడ్డం నిలబడి అందరినీ వెనక్కి పంపేశారు. "మా ఇంట్లో పొయ్యి వెలిగిందమ్మా," అన్నారు. వెలగలేదు. లోపలికి వచ్చి ఆవిడే వెలిగించారు. అన్నం వార్చి, చారు పెట్టి, నా ముందు కంచం పెట్టారు. "మా వాణ్ణి చంపెయ్యడానికి వీళ్ళెవరు? తిను," అన్నారు. నేను కంచం తోసేశాను. ఆ పిల్ల మళ్ళీ దగ్గరికి జరిపి, ముద్ద కలిపి నా నోటి దాకా తెచ్చింది. "ఒక్క ముద్ద వదినగారూ. పిన్నిగారి కోసం," అంది. తిన్నాను. ఆ రెండు రోజులూ నేను తిన్నదేదైనా ఉంటే ఆ పిల్ల చేతి ముద్దే.

ఆ పిల్ల నన్ను ఒక్క క్షణం వదల్లేదు. నా జడ వేసింది, నా చీర మార్చింది. చీర మారుస్తున్నప్పుడు ఉన్నట్టుండి నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చేసింది. "నాకు సిగ్గుగా ఉంది వదినగారూ. మా ఆయన రైల్లో భద్రంగా ఉన్నారని అస్తమానం అనిపిస్తోంది. మీ పక్కన కూర్చుని అలా అనుకోవడం పాపం కదండీ?" అంది. "పాపం ఏంటే పిచ్చిదానా," అన్నాను. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. ఆ పిల్ల అదృష్టం చూసి కుళ్ళుకున్నాను కూడా, దాచడం ఎందుకు. కుళ్ళుకుంటూనే ఆ పిల్లని పట్టుకుని ఏడ్చాను.

మరుసటి పొద్దున మంచు అంతగా లేదు. మా అత్తగారు ఆ పిల్లని లేపి వాకిట్లో ముగ్గు వెయ్యమన్నారు. అశుభం జరిగిన ఇంటి ముందు ముగ్గు వెయ్యరు. ఆవిడ ఇంకా ఒప్పుకోలేదన్నమాట. ఆ పిల్ల ఎదురు చెప్పకుండా పిండి గిన్నె తీసుకుని వెళ్ళింది. నేను గుమ్మం పక్కన స్తంభానికి ఆనుకుని కూర్చుని ఆ వేళ్ళ మధ్య నుంచి జారుతున్న పిండినే చూస్తున్నాను. ముగ్గు దగ్గరికి బురద కాళ్ళు వచ్చి ఆగాయి. ఆ పిల్ల తలెత్తి చూసింది.

"పిన్నిగారూ," అంది. మళ్ళీ, "పిన్నిగారూ, అన్నయ్యగారు వచ్చారు," అంది.

మావారే. మఫ్లర్ లేదు. గడ్డం పెరిగి, ప్యాంటు మోకాళ్ళ దాకా మట్టి కొట్టుకుపోయి నిలబడ్డారు. నేను లేవబోయాను. ఆ స్తంభాన్ని పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఆయన ఒక్కసారి నా వంక చూశారు. తర్వాత ఆ పిల్ల వంక చూసి చూపు తిప్పేసుకున్నారు.

మా అత్తగారు లోపల్నుంచి పరుగెత్తుకొచ్చారు. "ఆగు. గుమ్మం ఎక్కకు. చావు నోట్లోంచి వచ్చావు, ఎర్రనీళ్ళు తియ్యాలి," అన్నారు. పసుపు, సున్నం కలిపిన నీళ్ళు తిప్పి దిష్టి తీసి గాని లోపలికి రానివ్వరు. ఆ పని ముత్తైదువే చెయ్యాలి. మామగారు పోయారు కాబట్టి ఆవిడ చెయ్యకూడదు. నేను లేవలేను. "నువ్వు తియ్యమ్మా," అన్నారు ఆ పిల్లతో.

అప్పటికే ఆ పిల్ల వంటింట్లోకి పరుగెత్తింది. పళ్ళెంతో వచ్చింది, నవ్వుతూ, ఏడుస్తూ, పిండి అంటిన చేతులతోనే.

"వద్దమ్మా," అన్నారు మావారు తల్లితో. "ఇప్పుడు అదేం వద్దు."

"నోరు ముయ్యి. కదలకు."

"చెల్లెమ్మా, నువ్వు తియ్యకు. నా మాట విను."

"మీరు ఊరుకోండి అన్నయ్యగారూ, నా సరదా నాది," అంది ఆ పిల్ల. మూడుసార్లు తిప్పింది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడ్డారు. మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆనందంతోనేమో అనుకున్నాం, ఏమనుకుంటాం మరి. వేలితో ఆ ఎర్రటి నీళ్ళు తీసి ఆయన నుదుటికి పెట్టి, మిగిలినవి వాకిట్లో పారబోసి వచ్చింది.

"మా ఆయన కూడా ఇవాళో రేపో వచ్చేస్తారండి. వచ్చాక మిమ్మల్ని చూసి ఎంత సంతోషిస్తారో," అంది.

మావారు కళ్ళు తెరిచారు. "చెల్లెమ్మా, మీ స్కూటర్ స్టేషన్లో లేదమ్మా," అన్నారు. "ఎయిర్‌పోర్టులోనే ఉంది. షెడ్డులో."

ఆ పిల్లకి అర్థం కాలేదు. "మరి స్టేషన్‌కి ఎలా వెళ్ళారు?" అంది.

ఆయన గుమ్మం బయటే నిలబడి చెప్పారు. మంచులో బ్రిడ్జి మీద లారీ ఆగిపోయి బస్సు కదల్లేదు. దిగి బ్రిడ్జి నడిచి దాటేసరికి బాగా ఆలస్యమైంది, అందుకని వాళ్ళింటికి వెళ్ళకుండా నేరుగా ఎయిర్‌పోర్టుకే వెళ్ళారు. ఎయిర్‌పోర్టులో కాసేపు మంచు విడిందట. మళ్ళీ కమ్ముకునేలోగా వెళ్ళిపోదామని పైలట్ తొందరపెట్టాడు. కెమెరా నడపడానికి ఒక మనిషి కావాలి. సంచి ఇవ్వడానికి వచ్చినవాడు, సంచితో పాటు తనే ఎక్కాడు. ఈయన వెళ్ళేసరికి షెడ్డులో స్కూటర్, దాని మీద ఫిల్ముల పెట్టె మాత్రమే ఉన్నాయి. విమానం జాడ తెలియడం లేదనగానే, ఎగిరే వరసలు తనకి తెలుసు కాబట్టి పోలీసుల జీపులో కొండలకి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ఎయిర్‌పోర్టు వాళ్ళకి ఎదురింటి నంబరు ఇచ్చి, తను విమానం ఎక్కలేదని ఫోన్ చెయ్యమని చెప్పారు. విమానం దొరికింది వేరే దారిన వెళ్ళిన జట్టుకట, ఆ కబురు ఈయన దాకా రావడానికి నిన్న రాత్రైంది.

"వాడు సంచి ఇవ్వడానికే అక్కడికి వెళ్ళాడా?" అన్నారు మా అత్తగారు.

మావారు తలూపారు. ఆవిడ గోడ పట్టుకుని మెల్లగా కిందికి జారి కూర్చున్నారు.

ఆ పిల్ల ఏడవలేదు. చేతిలో పళ్ళెం వంక చూసుకుంది. అడుగున ఇంకా కొంచెం ఎర్రనీళ్ళు ఉన్నాయి. పళ్ళాన్ని గోడవారగా కింద పెట్టింది. కొంగు రెండు భుజాల నిండా కప్పుకుంది. వేసిన ముగ్గు తొక్కకుండా, గుమ్మానికి ఎదురు పడకుండా పక్కకి జరిగి మావారికి దారి ఇచ్చింది.

"దిష్టి తీసేశానుగా అన్నయ్యగారూ, లోపలికి వెళ్ళండి," అంది.

మావారు అక్కడి నుంచి కదల్లేదు.